అమ్మీ పేరులో తప్పిపోయిన నుఖ్తా



పోయిన షాబాన్ నెలలో మా అమ్మీకి రావాల్సిన డబ్బులు ఆగిపోయాయి. ఏ డబ్బులు, ఎక్కడ ఆగాయి అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. కౌంటర్‌లో కూర్చున్న పిల్లవాడు మంచివాడే. మానిటర్ నావైపు తిప్పి చూపించాడు.

"సార్, ఈ లిస్టులో ఒక పేరుంది, ఆ లిస్టులో ఇంకో పేరుంది. సిస్టమ్ ఇద్దరు మనుషులంటోంది సార్, నేనేం చేసేది?"

ఆ ఇద్దరు మనుషులూ నా పక్క కుర్చీలోనే బురఖా కొంగు సర్దుకుంటూ ఒక్కతే కూర్చుని ఉంది. వయసు డెబ్బై దాటింది. మోకాళ్ళ నొప్పితో రెండు మెట్లెక్కి వచ్చింది.

ఇంటికొచ్చి ఇనప్పెట్టెలోని కాగితాలన్నీ దస్తర్‌ఖాన్ మీద పరిచాను. అయిదు కాగితాల్లో అయిదు పేర్లు. ఒకదాంట్లో కమరున్నీసా. ఇంకోదాంట్లో ఖమరునిస. మరోదాంట్లో షేక్ కమరున్. ఇంగ్లీషు కాగితాలు రెండు: ఒకటి 'కె'తో మొదలు, ఇంకోటి 'కెహెచ్'తో మొదలు. నికాహ్‌నామాలో మాత్రం ఖాజీ సాబ్ చేతిరాతలో అసలు పేరు ఉంది. పెద్ద ఖాఫ్, దాని నెత్తిన రెండు నుఖ్తాలు.

ఉర్దూ చదివినవాళ్ళకు ఇందులోని తమాషా వెంటనే తెలుస్తుంది. ఖాఫ్‌తో రాస్తే ఖమర్, అంటే చందమామ. ఖమరున్నీసా అంటే ఆడవాళ్ళలో చందమామ. ఆ ఖాఫ్ తీసేసి మామూలు కాఫ్ పెడితే కమర్, అంటే నడుము. ఖాఫ్ బదులు ఖే పెడితే ఖమ్ర్, అంటే మద్యం. మా నానా తన కూతురికి చందమామ అని పేరు పెట్టుకుంటే, కాగితాల్లో ఆమె ఒకచోట నడుము అయింది, ఇంకోచోట మద్యం అయింది. అయిదు పూటలా నమాజు తప్పని మనిషి!

అమ్మీకి చెబితే నవ్వింది. "నేనెవరో అల్లాకు మాలూమ్ రే బేటా" అంది.

"అల్లాకు మాలూమ్ అమ్మీ, సర్వర్‌కే మాలూమ్ కాలేదు" అన్నాను.

ఆ రాత్రి తహజ్జుద్ దాకా నిద్ర పట్టలేదు. మన పేర్లు కంప్యూటర్ వచ్చాక పాడయ్యాయా, అంతకుముందు నుంచీ ఇలాగే ఉన్నాయా? పాత్రికేయుడికి అనుమానం వస్తే తవ్వకుండా ఊరుకోలేడు. తవ్వితే తేలింది ఇది: తప్పు చాలా పాతది. కొత్తగా వచ్చింది తప్పు కాదు, మాఫీ లేకపోవడం.

హైదర్ పేరుకే దిక్కు లేదు

మన ప్రాంతం తారీఖ్ చూడండి. మదనపల్లెకు దగ్గర్లోని గుర్రంకొండ కోట హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల చేతుల్లో ఉండింది. టిప్పు కాలంలో సర్కారు లెక్కలు ఫార్సీలో నడిచాయి. 1800లో నిజాం దత్త మండలాలను కుంపినీకి ఇచ్చేశాడు. మన్రో కలెక్టర్‌గా వచ్చాడు. ఫార్సీలో ఉన్న పేర్లు ఇంగ్లీషు రికార్డుల్లోకి ఎక్కడం మొదలైంది.

ఎలా ఎక్కాయి? చెవికి ఎలా వినబడితే అలా. హైదర్ అలీ పేరులో 'అలీ'కి రెండు 'ఎల్'లు వేసి చివర 'వై' తగిలించారు. టిప్పుకు రెండు 'పి'లు, రెండు 'ఓ'లు ఇచ్చారు. సుల్తాన్ల పేర్లే ఇలా రాసినవాళ్ళు, నవాబు గారి గుర్రపుశాలలో పనిచేసిన షేక్ మస్తాన్ పేరును ఎలా రాసి ఉంటారో ఆలోచించండి.

ఊళ్ళ పేర్లూ వదల్లేదు. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. ఆ కడపను ఇంగ్లీషువాళ్ళు 'సి'తో మొదలుపెట్టి, మధ్యలో రెండు 'డి'లు పెట్టి, చివర 'హెచ్' తోక తగిలించి రాశారు. ఆ స్పెల్లింగు మారడానికి 2005 దాకా పట్టింది. ఒక జిల్లా తన పేరును సరిచేసుకోవడానికి దాదాపు రెండు వందల ఏళ్ళు ఎదురుచూసింది. చివరికి సర్కారే ఉత్తర్వు ఇచ్చింది. మన ఖమరున్నీసాలకు ఆ ఉత్తర్వు ఎవరిస్తారు?

ఇందులో ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. మన నోటి మాటలు తెలుగు కచేరీలోకి ఎంత హాయిగా వెళ్ళాయో చూడండి. దరఖాస్తు, నకలు, దాఖలా, మంజూరు, రద్దు, హాజరు, వసూలు, బాకీ, దస్తావేజు, తహసీల్దారు, జిల్లా. వీటిలో చాలావాటికి నుఖ్తాలు ఉండేవి. నుఖ్తాలు దారిలో రాలిపోయినా ఎవరూ ఆపలేదు, ఎవరూ గుర్తింపు కార్డు అడగలేదు. దరఖాస్తు అన్న మాట తెలుగువాళ్ళది అయిపోయింది. ఆ దరఖాస్తు పట్టుకొచ్చిన మంజూర్ అహ్మద్ మాత్రం స్పెల్లింగు కలవలేదని నామంజూరు అయి వెనక్కి పోతున్నాడు.

కరణం చెవి, కరణం కన్ను

నేను పుంగనూరులో ఉర్దూ మీడియంలో చదువుకున్నాను. మా ఉస్తాద్ పలక మీద ఒక పడవ లాంటి గీత గీసి, కింద ఒక నుఖ్తా పెడితే బే, పైన రెండు పెడితే తే, మూడు పెడితే సే అని నేర్పించాడు. నుఖ్తా మరిచిపోతే బెత్తం దెబ్బ. "నుఖ్తా తప్పితే ఖుదా కాస్తా జుదా అవుతాడురా" అని మందలించేవాడు. అది ఉర్దూ బళ్ళన్నిటిలో ఉన్న పాత హెచ్చరికే. ఖేకు పైన ఉండాల్సిన నుఖ్తా కిందికి జారితే జీమ్ అవుతుంది. ఖుదా అనే మాట జుదా, అంటే వేరైనవాడు అనే మాట అవుతుంది.

ఆ బడి దాటి బయటికొస్తే కాగితాలన్నీ తెలుగులో. తెలుగులో నుఖ్తా లేదు. పల్లెల్లో 1984 దాకా లెక్కలు కరణం రాశాడు. ఆయన జలీల్‌ను జలీలు అని, మస్తాన్‌ను మస్తానయ్య అని, ఖాదర్‌ను కాదరు అని రాసుకున్నాడు. పట్టాలో ఒకటి, శిస్తు రశీదులో ఒకటి. అయినా పని జరిగింది. ఎందుకంటే కరణానికి మనిషి తెలుసు. "ఈ కాదరూ ఆ ఖాదరూ ఒక్కడేనయ్యా, దర్గా పక్కింటి సాయిబు" అంటే చాలు. ఆ ఒక్క మాటే గవాహి.

కరణం కాలాన్ని బంగారం చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. అదే కరణం కావాలనుకుంటే "నువ్వు ఆ ఖాదర్‌వి కావు పో" అనగలిగాడు. అలా భూములు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఆయన చెవి మంచిదైతే మన అదృష్టం, కాకపోతే మన ఖర్మ. కానీ ఆ పద్ధతిలో మనిషిని మనిషి పోల్చుకునేవాడు. నికాహ్‌లో ఇద్దరు గవాహులు ఎలా నిలబడతారో, కచేరీలోనూ అలా ఎవరో ఒకరు నిలబడి చెప్పొచ్చు. కంప్యూటర్ ముందు గవాహి చెల్లదు. దానికి ఒక అక్షరం ఇంకో అక్షరంతో కలవాలి. అంతే.

షాదీ కార్డుకు రెండు కంప్యూటర్లు

కంప్యూటర్‌ను నేను మొదట దగ్గరగా చూసింది మదనపల్లెలో, తెలుగు డిగ్రీ చదివే రోజుల్లో. బజారులో డీటీపీ షాపులుండేవి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తెలుగు కంపోజ్ చేసేవాళ్ళు. పెళ్ళిళ్ళ సీజన్‌లో మనవాళ్ళ షాదీ రుఖాలు కొట్టించడానికి నన్ను పంపేవాళ్ళు, రెండు భాషలూ వచ్చు కాబట్టి. ఒక వైపు ఉర్దూ, ఇంకో వైపు తెలుగు. తెలుగు వైపు ఇక్కడే అయ్యేది. ఉర్దూ వైపు రాయించడానికి మంచి చేతిరాత ఉన్న కాతిబ్‌నో, ఇన్‌పేజ్ ఉన్న షాపునో వెతకాల్సి వచ్చేది.

ఈ ఇన్‌పేజ్ వెనక పెద్ద కథ ఉంది. ఉర్దూ నస్తాలీఖ్ రాత వాలుగా, మెట్లు దిగినట్టు పోతుంది. ఒక అక్షరం రూపం పక్క అక్షరాన్ని బట్టి మారుతుంది. అందుకే అచ్చు యంత్రాలకు అది లొంగలేదు. పేపర్లన్నీ కాతిబ్‌లు చేత్తో రాసి, ఆ రాతను అచ్చేసేవాళ్ళు. చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' పత్రికకు చేతిరాత పేపరుగా లోకమంతా పేరుంది. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ అనే కాతిబ్ వేలాది అక్షరాల గుత్తులను ఒక్కొక్కటిగా చేత్తో రాసి కంప్యూటర్‌కు ఇచ్చాడు. అదే నూరీ నస్తాలీఖ్. 1981లో అక్కడి 'జంగ్' పత్రిక ఆ అక్షరాలతో వచ్చింది. 1994లో ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు తెచ్చిన ఇన్‌పేజ్ అవే అక్షరాలను మామూలు కంప్యూటర్ మీదికి దించింది. ఉర్దూ పేపర్ల ఆఫీసుల్లో కాతిబ్‌ల గద్దె ఖాళీ అయింది.

ఇప్పుడు అసలు సంగతి. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు నిజానికి తెలుగు కాదు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లే. ఫాంట్ అనే ముసుగు వేస్తే తెలుగులా కనబడేది. ఆ ఫైలును ఫాంట్ లేని ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు. ఇన్‌పేజ్ ఫైలు కూడా అంతే, ఇన్‌పేజ్ లేనిచోట అది తెరుచుకోదు. అంటే ఒకే పెళ్ళికొడుకు పేరు కార్డుకు రెండు వైపులా రెండు అరల్లో బందీ. ఈ అరలోది ఆ అరకు తెలియదు. కార్డు అచ్చయ్యేవరకే దాని పని. అందుకే అప్పట్లో స్పెల్లింగు తప్పినా నష్టం లేదు. దావత్ తిని అందరూ ఇంటికి పోయేవాళ్ళు.

కుప్పంలో "బాద్‌షాలో బాషా"

2002లో నేను విలేకరిగా కుప్పం చేరాను. ఆ ఏడాదే అక్కడ హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర సర్కారు కలిసి ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ళ ప్రాజెక్టు మొదలుపెట్టాయి. కుప్పం అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు నియోజకవర్గం. తెలుగు, తమిళం, కన్నడం, మన ఉర్దూ ఒకే సంతలో వినబడే ఊరు. అలాంటి చోట పల్లె పల్లెకూ కంప్యూటర్ సెంటర్లు పెడతామన్నారు. వ్యాన్‌లో కంప్యూటర్లు పెట్టుకుని ఊళ్ళు తిరిగారు. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటర్, ఎండతో ఛార్జ్ అయ్యే సరంజామా ఇచ్చి ఫోటోలు తీయడం నేర్పించారు. ఆడవాళ్ళు కెమెరా పట్టుకుని ఊళ్ళో తిరిగి, అక్కడికక్కడే ఫోటో ప్రింటు తీసి ఇచ్చి నాలుగు రూపాయలు సంపాదించుకోవడం అప్పట్లో పెద్ద ఖబర్.

అలాంటి ఒక ఫోటోగ్రాఫర్ అక్క వెనక నేను ఒక రోజంతా తిరిగాను. రామకుప్పం వైపు ఒక పల్లెలో ముసలాయన గుర్తింపు కార్డు ఫోటోకు కూర్చున్నాడు. ఆమె ఫోటో తీసి, కవరు మీద పేరు రాసుకోబోతూ ఆగింది. "తాతా, మామూలు 'బ'నా, వత్తు 'భ'నా?" అని అడిగింది.

ఆయన గడ్డం దువ్వుకుని, "బాద్‌షాలో బాషా తల్లీ, మాట్లాడే భాష కాదు" అన్నాడు.

ఆమె నవ్వి, వత్తు లేకుండా రాసింది. ఈ ఇరవై ఏళ్ళలో మహబూబ్ భాషాలు, ఖాదర్ భాషాలు ఎన్ని వందలమందిని కాగితాల్లో చూశానో లెక్క లేదు. అడిగి రాసిన మనిషిని మాత్రం నేను ఆమెనే చూశాను. అందుకే ఇన్నేళ్ళకూ గుర్తుంది.

ప్రాజెక్టు కాలం అయిపోయింది. అలవాటు మిగిలింది. సర్టిఫికెట్ కావాలంటే కంప్యూటర్ ఉన్న గదికి పోవాలన్న అలవాటు.

ఒక్క టిక్కుతో తెరుచుకున్న రెండు తలుపులు

ఇదే రోజుల్లో నెట్ సెంటర్లలో ఇంకో మార్పు చప్పుడు లేకుండా జరిగింది. 2001 చివర్లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంట్ ఉండేది. కానీ అది దానంతటది పనిచేసేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల సెట్టింగులకు పోయి ఒక గడిలో టిక్ పెట్టాలి. తర్వాత విండోస్ సీడీ పెట్టమని అడిగేది. సీడీ ఎవరి దగ్గరా ఉండేది కాదు, అది వేరే కథ. ఆ గడి పక్కన రాసి ఉన్నదాని అర్థం ఇది: కలిపి రాసే లిపులకూ, కుడి నుంచి ఎడమకు రాసే భాషలకూ కావాల్సిన ఫైళ్ళు వేయాలా? అంటే తెలుగుకూ ఉర్దూకూ కలిపి ఒకే గడి. ఒక్క టిక్కుతో రెండూ తెరుచుకునేవి. షాదీ కార్డుకు రెండు వైపులా వేరువేరుగా బతికిన నా రెండు భాషలు ఒకే స్క్రీన్ మీద, ఒకే వరుసలో కనబడిన రోజు నేను పక్కవాడిని పిలిచి చూపించాను. వాడికి అందులో వింత ఏముందో అర్థం కాలేదు.

దీనికి కారణం యూనికోడ్. 1991లో వచ్చిన ఈ పద్ధతిలో లోకంలోని ప్రతి అక్షరానికీ ఒక నంబరు. తెలుగు 'క' నంబరు 3093, 'ఖ' నంబరు 3094. ముసుగు లేదు. ఏ కంప్యూటర్‌లో తెరిచినా 'క' కయే. మంచిదే కదా? మంచిదే. అయితే ఇక్కడే కరణం చేతిలోని పని మిషన్ చేతికి వెళ్ళింది. మిషన్‌కు కమరున్నీసా, ఖమరున్నీసా దగ్గరి పేర్లు కావు. ఒకటి 3093తో మొదలవుతుంది, ఇంకోటి 3094తో. వేరే నంబరు అంటే వేరే మనిషి.

ఇంకా విచిత్రం, కంటికి కనబడని అక్షరాలు. తెలుగులో పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారకుండా ఆపడానికి మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతారు. దాని నంబరు 8204. షేక్ అని కొట్టినప్పుడు కొన్ని టైపింగ్ పద్ధతుల్లో చివర ఆ గుర్తు పడుతుంది, కొన్నింటిలో పడదు. కంటికి రెండూ ఒకటే షేక్. మిషన్ లెక్కలో రెండూ వేరు. తేడా ఎక్కడుందో కౌంటర్‌లో కూర్చున్నవాడికీ కనబడదు. ఇలాంటివాటిని కూడా ఒకటిగా పట్టుకునే ప్రోగ్రాములు రాయొచ్చు, రాసినవాళ్ళున్నారు. రాయాలన్న ఫికర్ ఉండాలి, అంతే.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లొచ్చాయి. 2010లో దేశంలో ఆధార్ మొదలైంది. 2011 నవంబరులో మీసేవ మన చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. 2019లో సచివాలయాలొచ్చాయి. 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సేవలు. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ క్యూ తగ్గింది. ఇది నిజం, ఒప్పుకోవాలి. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ఒక జాబితా ఇంకో జాబితాతో పోల్చుకోవడం కూడా పెరిగింది. పేరు ఒకే కాగితంలో ఉన్నంతకాలం తప్పు తప్పుగా కనబడదు. రెండు జాబితాలు ఎదురుపడ్డప్పుడే కనబడుతుంది.

ఆధార్ నమోదులో పేరు ఇంగ్లీషులో కొడితే, స్థానిక భాషలోకి కంప్యూటర్ తానే మార్చి చూపిస్తుంది. ఆపరేటర్ చూసి దిద్దాలి. మన షేక్‌ను ఇంగ్లీషులో 'ఎ', 'ఐ' కలిపి రాయడం ఆంధ్రలో ఆనవాయితీ. మిషన్ ఆ రెండింటినీ చూసి షైక్ అంటుంది. ఎవరూ దిద్దకపోతే అదే ఖాయం. ఈ భూమ్మీద ఏ తల్లీ తన బిడ్డను షైక్ అని పిలిచి ఉండదు.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక రెండు మూడు నెలలు మన ఇళ్ళల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. తాతల ఇనప్పెట్టెలు తెరిచారు. ఉర్దూ కాగితాలు చదివి పెట్టమని నా దగ్గరికి ఎంతమంది వచ్చారో! మదనపల్లెలో ఒక పెద్దాయన తన పేరు మూడు రకాలుగా ఉన్న మూడు కాగితాలు చూపించి, "ఇందులో నేను ఏది బాబూ?" అని అడిగాడు. చదువుకున్న మనిషే. చేతులు వణికాయి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

అలాగని కాగితమే భద్రం అనుకోవడానికీ లేదు. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్ళు కాలిపోయాయి. కాగితం కాలుతుంది. కంప్యూటర్ తప్పును తప్పుగానే భద్రంగా దాస్తుంది. రెండింటి మధ్యా మనం బతకాలి.

నుఖ్తా తిరిగొచ్చింది

ఇక మీలో చాలామందికి తెలియని ఖుష్ ఖబర్. 2021 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 14వ రూపంలో తెలుగుకు నుఖ్తా ఇచ్చారు. నంబరు 3132. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ ధ్వనులను తెలుగు అక్షరాల్లో రాసేందుకు అక్షరం కింద పెట్టే చుక్క. హిందీకి ఇది ఎప్పటి నుంచో ఉంది. తెలుగుకు 1991 నుంచి 2021 దాకా, ముప్పై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు అమ్మీ పేరు మొదటి సగం ఇలా రాయొచ్చు: క఼మర్. మీ ఫోన్‌లో 'క' కింద చుక్క కనబడితే మీ ఫోన్ కొత్తది. చుక్క బదులు చిన్న డబ్బా కనబడితే అందులోని ఫాంట్‌కు ఈ ఖబర్ ఇంకా అందలేదు.

దీని విలువ ఏమిటో ఒక్క ఉదాహరణ. జీమ్‌తో రాస్తే జలీల్ అంటే ఘనమైనవాడు, అల్లాహ్ పేర్లలో ఒకటి. జాల్‌తో రాస్తే అవమానం పాలైనవాడు. నుఖ్తా లేని తెలుగులో రెండూ ఒకటే జలీల్. ఘనతకూ అవమానానికీ మధ్య మనకు ఇన్నేళ్ళూ అక్షరం లేదు.

కానీ సంబరపడిపోకండి. ఈ నుఖ్తాను ఇవాళ అమ్మీ కార్డులో పెట్టిస్తే ఏమవుతుంది? పేరు సరి అవుతుంది, మ్యాచ్ మాత్రం మళ్ళీ తప్పుతుంది. ఆరో పేరు పుడుతుంది! నుఖ్తా మన కితాబుల్లోకి, మన పిల్లల ఉర్దూ పాఠాల్లోకి, మన బ్లాగుల్లోకి రావాలి. సర్కారు జాబితాలోకి కాదు, ఇప్పుడే కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రెండో అధికార భాషగా చేసింది. ఏదో ఒక రోజు ఫారంలో ఉర్దూలో పేరు రాసే గడి కూడా వస్తుందని నేను ఉమ్మీద్ పెట్టుకున్నాను. నేను ఇప్పటిదాకా నింపిన ఏ ఫారంలోనూ ఆ గడి చూడలేదు.

మరి అమ్మీ సంగతి ఏమైంది అంటారా? నేను కుప్పం అక్క చేసిన పనే చేశాను. అడిగాను. "అమ్మీ, ఏ పేరు ఉంచుదాం?" అంది కదా, "నువ్వు నన్ను ఎలా పిలిపించుకోవాలనుకుంటే అలా. మీ అబ్బా 'ఖ' అనే పిలిచేవాడు." మన దఖ్నీలో ఖాఫ్ నోట్లో 'ఖ'గానే పలుకుతుంది, ఖాదర్ అన్నట్టు. సరే, షేక్ ఖమరున్నీసా. 'ఖ'తో, దీర్ఘంతో, ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగుతో. ఒక కాగితం తర్వాత ఒకటి దిద్దించడానికి నాలుగు నెలలు పట్టింది. చివరి కాగితం దగ్గర సంతకం అడిగారు. వేలిముద్ర పెడుతుందేమోనని ఇంకు ప్యాడు జరిపాడు అక్కడి అబ్బాయి. అమ్మీ పెన్ను తీసుకుని ఉర్దూలో రాసింది. ఆఖర్న ఖాఫ్ మీద రెండు నుఖ్తాలు టక్ టక్ మని పెట్టింది. ఆ కాగితాన్ని స్కాన్ చేశారు. మిషన్ దాన్ని చదవలేదు, బొమ్మగా దాచుకుంది. నుఖ్తాలు రెండూ ఆ బొమ్మలో ఉన్నాయి.

మీకు నా దరఖాస్తు ఇది. ఈ జుమా నమాజు తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని కాగితాలన్నీ పరవండి. ఎవరి పేరు ఎన్ని రకాలుగా ఉందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఒక్కొక్కరికీ ఒకే స్పెల్లింగు, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, ఖరారు చేయండి. షేక్, సయ్యద్, పఠాన్‌లను ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరంగా రాయకండి. మొహమ్మద్‌ను కుదించకండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండుసార్లే వీలు, కాబట్టి తొందరపడి ఒకటి వృథా చేసుకోకండి. వేలు పెట్టే ముందు స్క్రీన్ మీద తెలుగు వైపు కూడా చదవండి. చదవడం రాని పెద్దవాళ్ళతో ఇంటి పిల్లలు ఎవరో ఒకరు వెళ్ళండి.

ఇంట్లో బిడ్డ పుడితే ఇంకా జాగ్రత్త. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా, పాస్‌పోర్టుకైనా, ఓటుకైనా పుట్టిన తేదీకి జనన ధృవీకరణ పత్రమే ఆధారం. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. పేరు ఖరారు కాకపోతే ఖాళీ వదిలి, 12 నెలల్లోపు ఫీజు లేకుండా ఎక్కించుకోవచ్చు. మన అఖీఖా ఏడో రోజునే కదా. ఆ రోజు బిడ్డ పేరు పెట్టగానే ఒక చీటీ మీద ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో రాసి, మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌కో, చదువుకున్న ఒక పెద్దకో చూపించండి. ఆ చీటీ పట్టుకునే రిజిస్ట్రేషన్‌కు వెళ్ళండి.

మీ ఇంట్లో ఒకే మనిషికి ఎన్ని పేర్లు తేలాయో నాకు రాయండి. మా ఇంట్లో అయిదు. మిమ్మల్ని ఓడించగలనని అనుకోను.

ఖుదా హాఫిజ్.